నీలం స్క్రూ జోలికి వెళ్లకండి

కుట్టుమిషన్లు బాగుచేసే ఆవిడను వీధి వీధంతా మిషనక్క అంటుంది. పేరుకు అక్కే గానీ పని దగ్గర ఎవరికీ అక్క కాదు. ఏళ్ల తరబడి నూనె చుక్క చూపించని మిషన్ ఎవరైనా తెస్తే, ముందు వాళ్లకు నాలుగు చీవాట్లు పెట్టి, ఆ తర్వాతే దానికి నూనె వేస్తుంది. కొట్టు చిన్నది. నీలం రంగు తలుపు, లోపల ఒక బల్ల, గోడకు వేలాడే బెల్టులు, మూలన కుర్చీలో తండ్రి. ఈ పని నేర్పింది ఆయనే. చేతులు వణుకుతున్నాయని స్క్రూడ్రైవర్ కూతురికి అప్పగించాడు గానీ పెత్తనం మాత్రం అప్పగించలేదు.

మిషనక్కకు ఒక వెబ్‌సైట్ ఉంది. దారం ఎందుకు తెగుతుంది, కుట్టు ఎందుకు వదులవుతుంది, సూది ఎందుకు విరుగుతుంది, అన్నీ పాఠాలుగా రాసి పెట్టింది. ఆవిడ మిషన్ విప్పుతుంటే భర్త ఫొటోలు తీసేవాడు. బేరాల్లేని మధ్యాహ్నాలు కూర్చుని రాసి, ప్రతి వాక్యం తండ్రికి చదివి వినిపించేది. ఆయన తల ఊపితేనే అది సైట్‌లోకి ఎక్కేది. ఎక్కడెక్కడి ఆడవాళ్లో అవి చదివి, మా మిషన్ మేమే బాగుచేసుకున్నామని రాస్తే ఆవిడ మొహం వెలిగిపోయేది. కొట్టు తండ్రిది, సైట్ తనది. ఆ సైట్ అంటే ఆవిడకు ప్రాణం.

ఒకరోజు బాబిన్ కేసు కొనడానికి వచ్చిన టైలరమ్మ తన ఫోన్ చూపించింది.

"అక్కా, ఈయనెవరో మిషన్ మాస్టారట. భలే చెప్తున్నాడు. అచ్చం నీలాగే తిడతాడు కూడా."

మిషనక్క చదివింది. "మిషన్‌కు ఆకలేస్తే అన్నం అడగదు, కరకరమంటుంది. అప్పుడైనా నూనె వేయండి మహాతల్లులారా." ఆ కరకర ఆవిడది. ఆ మహాతల్లులారా ఆవిడది. కిందికి జరిపిన కొద్దీ తన పాఠాలన్నీ మక్కీకి మక్కీ అక్కడే ఉన్నాయి. ఫొటోలు మాత్రం మార్చాడు పెద్దమనిషి. నూనె మరక అంటే ఏమిటో ఎరగని కొత్త మిషన్లు తళతళలాడుతున్నాయి. ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

రెండు సైట్లకూ చోటిచ్చే కంపెనీకి వెంటనే ఫిర్యాదు రాసింది. జవాబు అడ్డం తిరిగి వచ్చింది. ఆ మాస్టారి పేజీల మీద తేదీలు పాతవట. పైగా, తన రాతలు ఈవిడే ఎత్తుకుపోయిందని అతను ముందే ఫిర్యాదు చేశాడట. వచ్చే శుక్రవారంలోగా రుజువు చూపకపోతే మిషనక్క పాఠాలే తీసేస్తారట. పేజీ మీద తేదీ ఎవరికి కావలసింది వాళ్లు వేసుకోవచ్చు. అతను పాతది వేసుకున్నాడు. ఈవిడేమో తండ్రి సణిగినప్పుడల్లా పాఠాలు దిద్దుతూ పోయింది, దిద్దినప్పుడల్లా తేదీ కొత్తదైపోయింది.

"మీరు తీసిన అసలు ఫొటోల్లో తీసిన తేదీలుంటాయి కదండీ, ఆ పాత ఫోన్ ఏదీ?" అని భర్తను అడిగింది.

"ఎక్స్చేంజ్‌లో ఇచ్చేశాను కదే. ఇయర్‌ఫోన్స్ ఊరికే ఇచ్చారు కూడా."

ఆవిడ అతని చెవుల వైపు చూసింది. అతను మెల్లగా ఇయర్‌ఫోన్స్ తీసి జేబులో పెట్టుకున్నాడు.

గురువారం వచ్చేసింది, రుజువు మాత్రం దొరకలేదు. ఆ రోజు మధ్యాహ్నం కొట్లో కూర్చుని, ఎక్కడైనా ఒక్క ముక్క పట్టుబడుతుందేమోనని మాస్టారి పేజీలు ఒక్కొక్కటే తండ్రికి చదివి వినిపిస్తోంది.

"సూది వైపు మూత తీస్తే లోపల సూది కడ్డీని పట్టుకుని ఒక స్క్రూ ఉంటుంది. అదే నీలం స్క్రూ. దాని జోలికి వెళ్లకండి."

"సరిగ్గానే రాశాడు," అని అలవాటుగా తల ఊపాడు తండ్రి. ఊపిన తల మధ్యలో ఆగిపోయింది. "అది సరేగానీ అమ్మడూ, వాడి మిషన్‌కు నీలం ఎవరు పూశారే?"

మిషనక్క ఆ వాక్యం మళ్లీ చదివింది. ఏ కంపెనీ మిషన్‌లోనూ ఆ స్క్రూ నీలంగా ఉండదు. చిన్నప్పుడు తను దాన్ని వదులు చేస్తే కడ్డీ జారి, సూది కింద తగిలి రెండు ముక్కలైంది. తండ్రి నెత్తిమీద ఒకటిచ్చి, తలుపుకు వేయగా మిగిలిన రంగులో అగ్గిపుల్ల ముంచి, ఆ స్క్రూ మీద ఒక చుక్క పెట్టాడు. నీలం జోలికి వెళ్లావో చూడు అన్నాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఏ మిషన్‌కైనా అది నీలం స్క్రూయే. రాసేటప్పుడు ఆవిడకు తప్పని తోచలేదు. వింటూ తల ఊపిన ఆయనకూ తోచలేదు.

ఆవిడ చేతులు గబగబా పేజీని కిందికి జరిపాయి. అక్కడ ఎవరో పాపం అడిగారు: "మాస్టారూ, మా మిషన్‌లో నీలం స్క్రూ కనబడటం లేదండీ." మాస్టారు బదులిచ్చాడు: "అసలైన కంపెనీ మిషన్లన్నిటికీ నీలమే ఉంటుందమ్మా. మీది నకిలీ అయ్యుంటుంది." పైన అతను పెట్టిన ఫొటోలో అదే స్క్రూ వెండిలా మెరుస్తోంది.

"నాన్నా, అడ్డంగా దొరికిపోయాడు," అంటూ ఆవిడ ఎగిరి గంతేసింది. బల్ల మీది బాబిన్లు చెల్లాచెదురయ్యాయి. ఎప్పుడూ తిట్టే తండ్రి, తన కాళ్ల దగ్గరికి దొర్లిన బాబిన్‌ను తనే వంగి తీసి ఇచ్చాడు.

భర్తను పరుగున పిలిచారు. అతను కొత్త ఫోన్‌తో ముందు తలుపు తీశాడు, తర్వాత కొట్లోనే ఉన్న ఆ చిన్ననాటి మిషన్ మూత తెరిపించి రంగు వెలిసిన నీలం చుక్క తీశాడు, చివరికి మామగారిని తీశాడు.

"కదలకు నాన్నా."

"కదిలేది నేను కాదు, చేతులు," అన్నాడు ఆయన. తర్వాత ఫోన్ వైపు తిరిగి, "ఈ నీలం నాది. ఈ పిల్ల నాది. ఆ రాత ఈ పిల్లది. తమరు గమనించాలి," అన్నాడు, ఎదురుగా జడ్జిగారు కూర్చున్నంత మర్యాదగా.

మాస్టారి జవాబునూ, వెండి స్క్రూ ఫొటోనూ ఆ వీడియోకు జతచేసి పంపారు. మర్నాడు కొట్టు తెరిచే వేళకు కంపెనీ జవాబు వచ్చింది. పాఠాలు మిషనక్కవే. మాస్టారి పేజీలు తీసేశారు. ఆవిడ ఆనందం పట్టలేక వీధిలోకి వెళ్లి, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పి వచ్చింది.

"గెలుపు సరే," అన్నాడు తండ్రి. "తప్పు తప్పే కదా. దిద్దు."

దిద్దింది. "మీ మిషన్‌లో ఈ స్క్రూ నీలంగా ఉండదు. మా దానికి మా నాన్న పూశాడు. మీరూ ఒక చుక్క పెట్టుకోండి. ఏ రంగైనా ఫర్వాలేదు." వినిపిస్తే ఆయన తల ఊపాడు.

కొన్నాళ్లకు ఎప్పుడూ చూడని ఒకావిడ మిషన్ తెచ్చింది. దారం తెగిపోతోందట. మిషనక్క సూది వైపు మూత విప్పి, చీవాట్లకు నోరు తెరిచి, అలాగే ఆగిపోయింది. లోపల స్క్రూ మీద నీలం చుక్క ఉంది.

"ఇది ఎవరు పెట్టారండీ?"

"నేనేనండీ. ఒక సైట్‌లో చదివాను. ఎవరో ఒకావిడ, వాళ్ల నాన్న పెట్టాడని రాసింది."

మిషనక్క మిషన్‌ను తండ్రి కుర్చీ వైపు తిప్పింది. ఆయన వంగి చాలాసేపు చూశాడు.

"మన తలుపు కంటే కాస్త ముదురు రంగు," అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.