మేష్టారి వాటా

అరవైల తొలినాళ్ల మాట. మా జంతుశాస్త్రం ప్రొఫెసరు గారు రిటైరవుతున్నారంటే, పాత విద్యార్థులం కలిసి ఆయన పేరిట విశ్వవిద్యాలయంలో శాశ్వత నిధి పెట్టాలనుకున్నాం. దాని వడ్డీతో చేపల శాస్త్రం చెప్పే అధ్యాపకుడికి ఎప్పటికీ జీతం ముడుతుంది. మేష్టారికి మాత్రం ఈ హడావిడి పట్టలేదు. "ఉద్యోగం పోతే పీడా పోయింది. ఇక రోజూ తెప్ప ఎక్కచ్చు," అని చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. ముత్తుకూరు దగ్గర ఒక పల్లెలో జాలర్ల తెప్పల మీద తిరుగుతూనే ఆయన ఆ శాస్త్రమంతా నేర్చుకున్నారు.

చందాలు అడిగే మొహం నాదేనని మావాళ్లు తేల్చారు. పల్లెకు వెళ్లి, సారు పేరు చిరకాలం నిలిపే నిధి అని చెప్పాను. పల్లెపెద్ద కళ్లు తుడుచుకున్నాడు.

"మా వంతు మేం చేస్తాం అన్నా. సారు మాకు పరాయోడా?"

ఆ కన్నీళ్లకు నేనూ కరిగిపోయాను. ఎలా ఇస్తారని అడగాలని తోచలేదు.

రిటైరయిన వారానికే మేష్టారు నన్ను వెంటేసుకుని పల్లెకు బయలుదేరారు. మేం చేరేసరికి తెప్పలన్నీ ఒడ్డుకొచ్చి ఉన్నాయి. ఎప్పుడూ "సారొచ్చినాడు" అని ఎగబడే జనం ఆ పొద్దున నోరు మెదపలేదు. వాళ్ల చూపులు ఆయన మీద నిలవకుండా జారిపోతున్నాయి. ఒక ముసలమ్మ మాత్రం దగ్గరికొచ్చి ఆయన చెయ్యి పట్టుకుని, "సముద్రం లోపల చలిగా ఉంటాదా నాయనా?" అని అడిగింది. మేష్టారు నవ్వబోయి ఆగిపోయారు.

పంచిన చేపల కుప్పలకు దూరంగా, పరిచిన వేపాకు మీద కాసిన్ని వంజరం చేపలు పెట్టి ఉన్నాయి. సముద్రంలో పోయి శవం దొరకని మనిషికి ఆ పల్లె తీసే వాటా అది. కాకి ముట్టాకే దాన్ని అమ్మి డబ్బు చేస్తారు. ఒక మనిషి పేరు నిలపడానికి వాళ్లకు తెలిసిన పద్ధతి అదొక్కటే. ఆ వాటా మా మేష్టారిది.

"ఇదేంటయ్యా, మనిషి ఎదురుగా ఉంటే!" అని మండిపడ్డాను.

పల్లెపెద్ద ఆయన వంక చూడకుండా నాతోనే మాట్లాడాడు. "పేరు మీద వాటా తీసినాం, ఇంక వెనక్కి తీసుకోకూడదన్నా. సారుని తెప్ప ఎక్కించుకుంటే సముద్రం ఊరుకోదు. రోజూ పెడతానే ఉండాం, కాకి ముట్టలా. ఏం కోరిక మిగిలిపోయిందో నీకేమన్నా తెలుసా?"

నాకు తెలుసు. మేష్టారి వైపు చూశాను.

కాకులు తెప్పల దుంగల మీద బారుగా కూర్చుని ఉన్నాయి. ఒక్కటీ అరవడం లేదు. మేష్టారు చాలాసేపు సముద్రం వైపు చూశారు. వద్దు సార్, వెళ్లిపోదాం అని అరవాలనిపించింది. ఆయన చెప్పులు విడిచి ఆ చేపల దగ్గరికి వెళ్లి నిలబడ్డారు.

"ఇంక తెప్ప ఎక్కనులే," అన్నారు, పాఠం చెప్పే మామూలు గొంతుతో.

ఒక కాకి ఎగిరొచ్చి ఆయన పాదాల పక్కనే వాలింది. చేపను పొడిచింది. ఆడవాళ్లు ఒక్కసారిగా ఏడుపందుకున్నారు.

మేష్టారు ముసలమ్మ వైపు తిరిగారు.

"అవునమ్మా," అన్నారు. "చలిగానే ఉంది."