నాలుగో నాబ్

రెండు వారాల కింద ఓ ఉదయం ఆంటీ ఫోన్ చేసి, మా గిటార్ సార్ పోయారని చెప్పారు. ఆంటీ అంటే సార్ భార్య. మోండా మార్కెట్లో కూరగాయల సంచీతో నిలబడ్డ నాకు కాసేపు ఎటు నడవాలో తెలియలేదు.

రైల్వేలో సిగ్నళ్లు బాగుచేసి రిటైరయ్యాక, కార్ఖానా బస్తీలోని ఇంటి ముందు గదిలో సార్ గిటార్ నేర్పేవారు. నలభై రెండేళ్ల వయసులో, బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ వెళ్లి చేరాను. ఈ వయసులో ఎందుకమ్మా అని అడగలేదు. ఎడమచేతి గోళ్లు కత్తిరించుకుని రమ్మన్నారు, అంతే. ఎవరైనా కొత్త గిటార్ తెచ్చి మురిసిపోతుంటే, కళ్లు మూసుకుని వినమనేవారు. "కండ్లు తెరిస్తే ఖరీదే వినబడతది" అని నవ్వేవారు.

నాకు మాత్రం ఆ మాట ఎక్కలేదు. రెండేళ్లయినా ఒక్క పాట తడబడకుండా చివరిదాకా రాలేదు. తప్పు గిటార్‌దేనని తేల్చుకున్నాను. తీగలు మార్చాను, తర్వాత గిటారే మార్చాను. మార్చిన ప్రతిసారీ ఓ వారం అద్భుతంగా ఉండేది, ఆపైన మామూలే. ఇక ఆంప్లిఫయర్ మారుస్తాను, అప్పటికీ రాకపోతే మానేస్తానని సార్‌తో చెప్పేశాను.

సార్ లేచారు. తన చేత్తో చేసుకున్న ఆంప్లిఫయర్ మీది తువ్వాలు తీశారు. దానికి నాలుగు నాబ్‌లు. మూడింటి కింద పేర్లు రాసి ఉన్నాయి, నాలుగోదాని కింద ఏమీ లేదు. దాన్నే చాలా జాగ్రత్తగా కాస్త తిప్పి, వాయించమన్నారు. ఎంత నిండుగా వినిపించిందో చెప్పలేను. పాట మొదటినుంచి చివరిదాకా ఆగకుండా వచ్చేసింది. నాకూ ఇలాంటిదే చేసిపెట్టమని బతిమాలాను. ఆయన ఆంప్లిఫయర్ వెనక చెక్క విప్పి చూపించారు. నాలుగో నాబ్‌కి ఒక్క వైరూ లేదు.

నాకు తల కొట్టేసినట్టయింది. నన్ను ఇంత వెర్రిదాన్ని చేస్తారా అని ఒళ్లు మండి మూడు వారాలు అటువైపు వెళ్లలేదు. చివరికి ఆయనే ఫోన్ చేశారు.

"సౌండ్ మారలేదమ్మా. అదంత నీ మనసు చేసిన పని. అందరికీ అయితది, నాకు సుత అయితది. గానీ ఆ రోజు నీ వేళ్లు తప్పలే. పక్కనే కూసొని విన్న. అది మాత్రం నిజం."

మర్నాడే వెళ్లాను. ఆంప్లిఫయర్ కొనలేదు, మానలేదు కూడా. ఇప్పుడా పాట చాలాసార్లు చివరిదాకా వస్తుంది. ఆ ధైర్యం ఆయన పెట్టిందే.

పదకొండో రోజున ఆంటీ ఆ ఆంప్లిఫయర్‌ని నన్ను తీసుకుపొమ్మన్నారు. "మీ సార్ సుత రోజూ వాయించే ముందు ఆ ఉత్త నాబ్ జెర తిప్పుకుంటుండె," అన్నారు. "ఎందుకని అడిగితే నవ్వుతుండె."

ఇంటికి తెచ్చి తువ్వాలు తీసి చూశాను. మూడు నాబ్‌ల అంచు గీతలు ఇంకా గరుకుగానే ఉన్నాయి. నాలుగోది మాత్రం ఆయన వేళ్లకి అరిగి నున్నగా అయిపోయింది. దాన్ని కాస్త తిప్పి, గిటార్ ఒళ్లోకి తీసుకున్నాను.