సంపూర్ణమ్మ ఇచ్చిన తలనీలాలు

సంపూర్ణమ్మ గురించి రాయాలంటే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. బెజవాడ పటమటలో మా ఇంటి వెనక పోర్షన్‌లో ఆమె అద్దెకు దిగిన మొదటి ఏడాదంతా నేను ఆమెను చేతకాని తల్లి అనుకున్నాను. అనుకుని ఊరుకునే స్వభావం కాదు నాది. ఆ పిల్లను ఒక్క దెబ్బ వేస్తే దారికొస్తుందని, ఈవిడ గారాబం చేసి పాడుచేస్తోందని పాలు పోసే ఆవిడ దగ్గర్నుంచి అందరికీ చెప్పాను. ఆ మాటలన్నీ గోడ అవతలికి వినిపించేవని తర్వాతెప్పుడో తెలిసింది. రెండు పోర్షన్ల మధ్య ఉన్నది ఒంటి ఇటుక గోడ.

పిల్ల పేరు జీవరత్నం. అందరం రత్నం అనేవాళ్ళం. ఆరో ఏడు వచ్చినా ఒక్క మాట లేదు. చెవుడేమో అంటే అదీ కాదు, మనకు వినిపించనివి కూడా దానికి వినిపించేవి. బందరు రోడ్డు మీద లారీ హారన్ కొడితే మా ఇంట్లో మాకు పట్టేది కాదు, అది మాత్రం రెండు చెవులూ మూసుకుని మంచం కిందికి దూరేది. నేను రవికలు, గౌన్లు కుట్టి బతికేదాన్ని. మధ్యాహ్నం మిషను మీద కూర్చుంటే చాలు, అవతల కేకలు మొదలయ్యేవి. నా పొట్ట మీద కొట్టడానికే ఈ పిల్ల పుట్టిందని విసుక్కుంటూ ఇంకా గట్టిగా తొక్కేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా కాళ్ళ మీద నాకే అసహ్యం వేస్తుంది.

క్రిస్మస్‌కని దానికొక గౌను కుట్టాను. గులాబిరంగు నెట్టు గుడ్డ, మెడచుట్టూ లేసు, కుచ్చులు. నాలుగు రోజుల పని. తొడిగిన రెండో నిమిషంలో అది మెడ దగ్గర పట్టుకుని చింపేసుకుంది, గీరుకున్నచోట రక్తం వచ్చింది. మర్నాడు సంపూర్ణమ్మ తన మొగుడి పాత లుంగీ ఒకటి పట్టుకొచ్చి, దీంతో ఒక గౌను కుట్టండి అక్కయ్యగారూ, కుట్లన్నీ పైవైపుకి రావాలి, లోపల నున్నగా ఉండాలి, అంది. నా చేతి పనిని తిరగేసి తొడుగుతారా అని నాకు ఒళ్ళు మండింది. అయినా కుట్టిచ్చాను. ఆ పిల్ల మూడు రోజులు ఆ గౌను విప్పలేదు. ఉతుకుదామంటే ఇవ్వలేదు. నాకు అప్పుడు కొంచెం అనుమానం వచ్చింది కానీ, దాన్ని పూర్తిగా నమ్మేంత మంచితనం నాలో లేదు.

సంపూర్ణమ్మకు అప్పటికి పాతికేళ్ళు దాటి ఉండవు. చూస్తే నలభై అనిపించేది. భర్త అంతోని ఇబ్రహీంపట్నంలో కడుతున్న కరెంటు ఫ్యాక్టరీలో వెల్డరు. పొద్దున్నే మొదటి బస్సుకి పోయి, చీకటిపడే వేళకి ఎర్రబడ్డ కళ్ళతో వచ్చి పడుకునేవాడు. మంచివాడే, కానీ ఇంట్లో జరిగేదాంట్లో పావు వంతు కూడా అతని కంటపడేది కాదు. అన్నం, మజ్జిగ, చారు ఒకదానికొకటి తగలకుండా మూడు గిన్నెల్లో పెట్టడం ఆమె పని. నీళ్ళు పోస్తే పిల్ల ఊపిరి బిగబట్టేస్తుంది కాబట్టి తడిగుడ్డతో గట్టిగా అదిమి ఒళ్ళు తుడవడం ఆమె పని. మెల్లగా తాకితే భరించలేదు, గట్టిగా అదిమితే ఊరుకుంటుంది. ఇవన్నీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఒక్కొక్కటీ వంద కేకల తర్వాత తనే తెలుసుకుంది. రాత్రిళ్ళు పిల్ల రెండు మూడు గంటలకంటే నిద్రపోయేది కాదు, ఈమె అదీ పోయేది కాదు. పప్పు తిరగమోత పెడుతూ నిలబడే కునుకు తీయడం నా కళ్ళతో చూశాను.

చూపించని డాక్టరు లేడు. ఒకాయన బుద్ధి ఎదగలేదన్నాడు, ఒకాయన పెద్దయ్యాక అదే సర్దుకుంటుందన్నాడు, మూడో ఆయన తల్లి పిల్లతో సరిగ్గా మాట్లాడకపోతే ఇలాగే అవుతుందన్నాడు. ఆ మూడో ఆయన మాట ఆమెను చాలా కాలం తినేసింది. ఇప్పుడైతే దానికో పేరుంది, బళ్ళున్నాయి. అప్పుడు మా ఎవరి దగ్గరా పేరు లేదు. మొండి పిల్ల, అంతే. సంపూర్ణమ్మ మాత్రం ఎవరు కనబడినా ఒకటే చెప్పేది, ఇది మొండితనం కాదండీ, దీనికి నిజంగా నొప్పి పుడుతోందండీ అని. వినేవాళ్ళు తల ఊపి వెళ్ళిపోయేవాళ్ళు. పిల్లకి మాట రావాలని ఆమె అప్పటికే అడగడం మానేసింది. తను చెప్పేది నిజమని ఒక్క మనిషి నమ్మితే చాలనుకునేది.

ఆ ఒక్క మనిషి అత్తగారు శౌరమ్మ అయితే బాగుండునని ఆమె ఆశ. శౌరమ్మ కొడుకు దగ్గరే ఉండేది. పొద్దునా సాయంత్రం జపమాల వదలని మనిషి. రత్నం పుట్టగానే, మూడో ఏట దీని పుట్టువెంట్రుకలు నీకిప్పిస్తానని గుణదల మేరీమాతకు మొక్కుకుంది. మూడో ఏడు వచ్చింది. తల మీద చెయ్యి వేస్తేనే గోడకేసి బాదుకునే పిల్లకు గుండు ఎలా చేయిస్తారు? జ్వరమని ఒక ఏడు, కాన్పు పోయిందని ఒక ఏడు, ఏదో ఒకటి చెప్పి సంపూర్ణమ్మ దాటేసింది. నూనె, దువ్వెన తగలని ఆ జుట్టు ఉండలు కట్టింది. పిల్లకు మాట రాకపోవడానికి కారణం ఇక శౌరమ్మకు స్పష్టంగా కనబడింది. మాతకు ఇస్తానన్నది ఇవ్వకుండా మాట ఎక్కడినుంచి వస్తుందని ఆమె వాదన. నిజం చెప్పొద్దూ, నాకూ అందులో న్యాయం ఉన్నట్టే అనిపించింది. నేను హిందువునే అయినా తిరునాళ్ళకు ప్రతి ఏడూ వెళ్ళి కొవ్వొత్తి వెలిగించి వచ్చేదాన్ని. మొక్కంటే మొక్కే.

డెబ్భై ఆరు ఫిబ్రవరిలో శౌరమ్మ పట్టుపట్టింది. ఈసారి ఇవ్వకపోతే తాను అన్నం ముట్టనంది, ఒక పూట ముట్టలేదు కూడా. అంతోని రెండు పక్కలా నలిగి చివరికి, ఒక్కసారి అమ్మ మాట విందాం, ఐదు నిమిషాల పని కదా, అన్నాడు. సంపూర్ణమ్మ నా దగ్గరికొచ్చి మిషను పక్కన నేల మీద కూర్చుంది. మీరైనా మా అత్తయ్యకు చెప్పండి, మీ మాటంటే గౌరవం ఉంది, అని అడిగింది. వెంట్రుక తీస్తే నొప్పేమిటే, అందరి పిల్లలూ చేయించుకోవడంలేదా, అన్నాను నేను. అయితే మీరు తోడు రండి, అని లేచి వెళ్ళిపోయింది.

తిరునాళ్ళ రెండో రోజు పొద్దున్నే రెండు రిక్షాల్లో బయల్దేరాం. రత్నం చెవుల్లో దూది పెట్టి, తల చుట్టూ తుండుగుడ్డ బిగించి, ఒళ్ళంతా దుప్పటిలో చుట్టి సంపూర్ణమ్మ ఒళ్ళో పెట్టుకుంది. గుణదల చేరేసరికే రోడ్డంతా జనం. ప్రతి కరెంటు స్తంభానికీ మైకు, ఒకదాంట్లో ప్రార్థన, ఒకదాంట్లో తప్పిపోయినవాళ్ళ పేర్లు, మధ్యలో బ్యాండుమేళం. పిల్ల కేక వేయలేదు. కేక దాటిపోయి, దవడ బిగించి వణకడం మొదలుపెట్టింది. కేక వేసినా బాగుండేదని సంపూర్ణమ్మ నా చెవిలో అంది.

కొండ కింద తాటాకు పందిట్లో మంగళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. మా వంతు వచ్చింది. అంతోని కాళ్ళు పట్టుకున్నాడు, శౌరమ్మ చేతులు పట్టుకుంది, సంపూర్ణమ్మ గడ్డం పట్టుకుంది. మంగలి అలవాటు ప్రకారం దోసెడు నీళ్ళు తీసి తల మీద పోశాడు. పిల్ల వెనక్కి విల్లులా వంగింది, నోరు తెరిచింది, శబ్దం రాలేదు. పెదవులు నల్లబడ్డాయి. నేను ఆ నిమిషంలో కూడా మొండితనమే అనుకున్నాను, తర్వాత ఆ పెదవులు చూసి అనుకోవడం మానేశాను. మంగలి కత్తి కింద పెట్టేశాడు. తల ఇట్టా కొట్టుకుంటే కత్తి దిగుద్దమ్మా, నా వల్ల కాదు, అన్నాడు. శౌరమ్మ ఏడుస్తూనే, గట్టిగా పట్టుకోండి, ఇంతదాకా వచ్చి మాతకు ఎగ్గొడతామా అంటోంది.

సంపూర్ణమ్మ పిల్లను లాక్కుని దుప్పట్లో బిగించి చుట్టి, ఊపిరి వచ్చేదాకా గుండెకు అదుముకుంది. వచ్చాక అంతోని చేతుల్లో పెట్టి, ఇంతే గట్టిగా పట్టుకో, వదలమాక, అంది. తను వెళ్ళి మంగలి ముందు కూర్చుని ముడి విప్పింది. మోకాళ్ళ దాకా వచ్చే జుట్టు ఆమెది. ఆ ఇంట్లో ఆమెకంటూ మిగిలిన అందం అదొక్కటే.

"అత్తయ్యా, అది నా కడుపున పుట్టింది. దాని వెంట్రుకా నా వెంట్రుకా మాతకి ఒకటే. మొక్కు నేను తీరుస్తున్నా. నువ్వు కానియ్యి బాబూ."

శౌరమ్మ కాదనలేకపోయింది. మాత పేరు చెప్పాక ఏం కాదంటుంది? నేను పక్కకు తిరిగి నిలబడ్డాను. కాసేపటికి సంపూర్ణమ్మ గుండుతో, చెవుల వెనక తడి కారుతూ లేచి, పిల్ల కోసం చేతులు చాచింది. రత్నం ఆ ముఖం చూసింది. అప్పుడు వచ్చింది కేక. తండ్రి భుజం కొరికి, ఆ చేతుల నుంచి తప్పించుకోవడానికి గింజుకుంది. తల్లి మాట్లాడితే ఆ గొంతు కోసం వెతుకుతుంది, గొంతు వస్తున్న ముఖం చూసి మళ్ళీ కళ్ళు మూసుకుంటుంది. దానికి జుట్టున్న అమ్మే అమ్మ. ఇలా జరుగుతుందని మాలో ఎవరికీ తట్టలేదు, సంపూర్ణమ్మకు కూడా.

ఇంటికొచ్చాకా అంతే. కొంగు ముసుగు వేసుకుంటే ఇంకా భయపడింది. రెండో రోజుకు పిల్ల అన్నం కూడా మానేసింది. చేసేది లేక, జుట్టు కాస్త మొలిచేదాకా రాత్రీ పగలూ సంపూర్ణమ్మను మా పోర్షన్‌లోనే ఉంచుకున్నాను. పిల్లను చూసుకునే పని శౌరమ్మ మీద పడింది. నా చాప మీద పడుకున్న సంపూర్ణమ్మ మొదటి నాలుగు రోజులూ అన్నానికి లేపితే తప్ప లేవలేదు. ఆరేళ్ళ నిద్ర అది. నిద్రలో కూడా అవతల కేక వినబడితే చెయ్యి గోడ మీదికి వెళ్ళేది. నేను మిషను ముట్టుకోలేదు. నా దగ్గర కుట్టించుకునేవాళ్ళకు చెయ్యి నొప్పని చెప్పాను.

శౌరమ్మ మొదట తన పద్ధతిలో చేయబోయింది. తన పద్ధతంటే మనందరి పద్ధతే. చారన్నం కలిపి పెట్టింది, పిల్ల కక్కుకుంది. కుంకుడుకాయ రసంతో తలంటబోయింది, చేతికి పళ్ళగాట్లు పడ్డాయి. ఒక దెబ్బ కూడా వేసింది, నేను ఏడాది పాటు ఊరందరికీ చెప్పిన మందు. ఆ పిల్ల తిరిగి తన చెంప తానే వాయించుకుంటూ సాయంత్రం దాకా ఆగలేదు. ఐదో రోజున శౌరమ్మ గోడ దగ్గరికొచ్చి, ఇప్పుడేం చెయ్యమంటావే, అని అడిగింది. ఇవతల నుంచి సంపూర్ణమ్మ చెప్పడం మొదలుపెట్టింది. గిన్నెలు విడివిడిగా పెట్టండి అత్తయ్యా. కిటికీ సగం మూయండి. నిమరకండి, వీపు మీద అరచెయ్యి అదిమి పెట్టండి. ఆ గొంతు గోడలోంచి వస్తుంటే పిల్ల గోడకు చెంప ఆనించి కూర్చునేదట. అలా మూడు వారాలు, గోడకు అటొకరు ఇటొకరు.

మూడో వారం చివర్లో ఒక మధ్యాహ్నం. అవతల కేకలు లేవు. సంపూర్ణమ్మ గోడకు ఆనుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. శౌరమ్మ గొంతు వినిపించింది, బాగా అలిసిపోయిన గొంతు.

"అమ్మాయ్, వింటన్నావా? ఇయాల గాలికి దీని వెంట్రుకలు మెడ మీద పడితే కూడా ఒణికిపోయింది. నేను పక్కనే ఉండి చూశా. ఇది మొండితనం కాదే. దీనికి నిజంగానే నొప్పి పుడతంది."

సంపూర్ణమ్మ చేతిలోని చేట కింద పెట్టింది. మోకాళ్ళ మీద తల పెట్టుకుని, వేలెడైనా మొలవని ఆ తలను రెండు చేతులతో పట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, సిగ్గుతో. ఏమైందే, ఏమైనా కావాలా, అని దగ్గరికెళ్ళాను.

"ఆ మాట ఇంకొక్కసారి చెప్పమనండి అక్కయ్యగారూ," అంది.

నేను గోడ మీద తట్టి అడిగాను. శౌరమ్మ ఇంకొకసారి చెప్పింది.