ఫిర్యాదు చెప్పినవాడి పేరు

మామ పోయినాడని మంగళవారం పొద్దున ఆయన ఊరు పిక్కిలి నుంచి ఫోను వచ్చింది. అత్త ఏడుస్తూనే, "విజిలు దిండు కిందనే పెట్టుకున్నాడు రా" అనింది. ఆ మాట వినగానే నలభై ఏండ్లనాటి నల్లంపల్లి బడి మైదానం, ఆ ఎర్ర దుమ్ము, ఆ కేకలు, అన్నీ ఒక్కసారి మీద పడినాయి. ఏడుపు రాలేదండీ. ఎవరో నా పేరు పిలిచినట్టు లేచి నిలబడినా. మా మామను తలుచుకుంటే ఇప్పటికీ నాకు అంతే.

ఆయన మా అమ్మకు తమ్ముడు, ఆవులు మేపుకునే మనిషి. ఎనభైలలో మా చుట్టుపక్కల ఎక్కడ చెడుగుడు పందెం జరిగినా అంపైరు ఆయనే. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం మాకు. ఏ ఊరివాళ్ళు ఆడినా మామ మాటకు ఎదురు లేదు. ఎందుకంటారా? తొండి చేసినారని ఎవరన్నా చెప్తే ఆయన విచారించే తీరు అట్లాంటిది.

అరుస్తా వచ్చినవాణ్ణి తన గొడుగు కింద కూర్చోబెట్టుకొని, "కంటితో చూసినావా, ఎవరన్నా చెప్పినారా?" అని మెల్లగా అడిగేవాడు. తరువాత తప్పు చేసినాడన్నవాణ్ణి పిలిచి వాడి మాటా వినేవాడు. ఎవరు చెప్పినారో మాత్రం చచ్చినా చెప్పడు. ఒకసారి ఇరవై మంది గుంపుగా వచ్చి, "వాడు గీత తొక్కినాడు" అని ఒకటే గోల. మామ ఒక్కొక్కణ్ణి విడిగా పిలిచి "ఏ కాలు?" అన్నాడు. సగం మంది కుడి అన్నారు, సగం మంది ఎడమ. ఒకడు రెండూ అన్నాడు! మామ పడీపడీ నవ్వి, "పోండప్పా, పోయి మాట్లాడుకొని రాండి" అని తరిమినాడు.

మా కూతురు ఇప్పుడు ఫోనులో ముక్కూమొహం తెలియనివాళ్ళతో ఆట ఆడుతుంది. ఎవడన్నా తొండి చేస్తే రిపోర్టు కొడుతుంది. "ఎవరు విచారిస్తారమ్మా?" అంటే, "ఎవరో చూస్తారులే నాన్నా" అంటుంది. ఆ ఎవరో మా మామలాంటివాడైతే బాగుణ్ణు.

ఇంక నా సంగతి. ఆ ఎండాకాలం నల్లంపల్లిలో ఆఖరి పందెం. జిల్లా జట్టుకు ఆటగాళ్ళను ఎంచేవాళ్ళు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. ఖాళీ ఒక్కటే. దానికి పోటీ ఇద్దరమే: మా జట్టు కెప్టెను నేను, ఎదుటి జట్టులో మొరప్పూర్ మనిషి ఒకడు. అబ్బా, ఏం ఆటగాడండీ! కూత పట్టి గీత దాటినాడంటే మా ఏడుగురి మధ్యలో ఎక్కడున్నాడో కనబడేవాడు కాదు. సగం ఆటకే మమ్మల్ని ఊడ్చి పెట్టినాడు. నాకు కడుపు మండిపోయింది.

ఒంటికి నూనె పూసుకొని వస్తే పట్టు దొరకదు, అందుకే ఆటలో అది పెద్ద తప్పు. విరామంలో నేను కుడిచేతికి ఆముదం పట్టించినా. అతను మళ్ళీ కూతకు రాగానే దూకి చీలమండ పట్టినా. చెయ్యి సర్రున జారింది. జనం ఒకటే ఈలలు! అవుటై బయటికి వచ్చిన నేను, అందరూ అతన్నే చూస్తా ఉంటే, ఎవరి కంటా పడకుండా గొడుగు వెనక నుంచి పోయి, "మామా, వాడు నూనె పూసుకొని వచ్చినాడు" అని చెవిలో చెప్పినా.

"చూసినావా?"

"పట్టి చూసినా మామా."

మామ ఆట ఆపి, అతన్నీ మా ఏడుగురినీ బడి గదిలోకి పిలిచి, చెంబు తెప్పించి అతని కాళ్ళ మీద నీళ్ళు పోసినాడు. నూనె ఉన్నచోట నీళ్ళు అంటవు, పూసలై జారిపోతాయి. పిక్క తడిసింది, మోకాలు తడిసింది. చీలమండ దగ్గర మాత్రం నాలుగు వేళ్ళు, ఒక బొటనవేలు మేరకు నీళ్ళు జారిపోయినాయి. మామ ఆ గుర్తును చాలాసేపు చూసి మా వైపు తిరిగినాడు. "అందరూ చేతులు చాపండి రా." నా వంతు వచ్చింది. అరచేతిలో నీళ్ళు గుండ్లుగుండ్లుగా ఉరికినాయి. సిగ్గుతో చచ్చిపోయినా.

ఒక్క తిట్టు తిట్టలేదు. బయటికొచ్చి మైకు పట్టుకొని, "ఈ మనిషి మీద తప్పు లేదు. చేతికి నూనె పట్టించినవాడు నా అక్క కొడుకు. ఈ ఏడాది వీడు ఎక్కడా ఆడడు" అన్నాడు. అమ్మ కూడా ఆ జనంలోనే ఉంది.

"నా మీద చెప్పింది ఎవరు సార్?" అని అతను గట్టిగా అడిగినాడు.

"అది చెప్పను. రేపు నిజంగా తొండి చూసినవాడు నా దగ్గరికి రావడానికి భయపడకూడదు."

జిల్లా జట్టులో చోటు అతనికే వచ్చింది. కాళ్ళకు పూసుకోవాల్సిన నూనె చేతికి పూసుకున్న వెర్రివాడని ఊరూరా నన్ను చూసి నవ్వినారు. నేనూ నవ్వినా. అబద్ధం చెప్పినవాడు అనిపించుకునేకంటే వెర్రివాడనిపించుకోవడమే నయం కదా! చెప్పింది ఎవరని అమ్మ అన్నం మానేసి అడిగినా మామ నోరు విప్పలేదు. మరుసటి ఏడు పందెంలో ఆటగాళ్ళ పేర్లు పిలిచేటప్పుడు అందరికంటే ముందు నా పేరే పిలిచినాడు. ఆ పిలుపు వినగానే నేను ఎగిరి గంతేసినా, నిజం. మొరప్పూర్ మనిషి ఆ ఏడే నాకు స్నేహితుడైనాడు.

ఫోను వచ్చిన ఆ మంగళవారం మధ్యాహ్నం పిక్కిలికి అతనూ వచ్చినాడు. తప్పెట్లు మోగుతున్నాయి. నా పక్కన నిలబడి తమిళంలో, "నీ నూనె నాకు అంటుకుంటే, ఎవడో దూరాన నిలబడి చూసి నా మీద చెప్పినాడు. ఎవడో చెప్పకుండానే పోయినాడు చూడు మీ మామ" అని నవ్వినాడు.

"నేనే" అన్నా.

నవ్వు ఆగిపోయింది. పాడె లేపినారు. నేను ముందు పక్క భుజం పెట్టినా. అతను పక్కనే నడుస్తున్నాడు గానీ నా వైపు చూడలేదు. ఊరు దాటి ఎత్తు ఎక్కేచోట నా కాలు తడబడింది. "జరుగు" అని నన్ను పక్కకు నెట్టి, నా చోట అతను భుజం పెట్టి, మామను మోసుకుంటా ముందుకు పోయినాడు.