తాతయ్యకు లేని పొక్కులు

నా చిన్నప్పుడు మా మామయ్యకు ఒక టెరిలిన్ ప్యాంటు ఉండేది. తొడల దగ్గర బిగుతుగా, కింద గంటలా వెడల్పుగా ఉండే ఆ ప్యాంటు డెబ్భైల నాటి ఫ్యాషను. విజయవాడలో కుట్టించుకొచ్చాడు. మే నెల తిరువూరు ఎండల్లో కూడా దాన్ని విడిచేవాడు కాదు. అదే వేసుకుని సైకిలెక్కి మామిడి తోటకు వెళ్లేవాడు, అదే వేసుకుని బస్టాండు దగ్గర స్నేహితులతో టీ తాగేవాడు. ఆ వేసవిలోనే అతనికి దగ్గరి ఊరు వినగడప నుంచి సంబంధం కుదిరింది. పిల్ల నచ్చింది, మాటలయ్యాయి, ముహూర్తం పెట్టుకోవడమే మిగిలింది.

అలాంటివాడు ఉన్నట్టుండి ఒకరోజు పెళ్లి వద్దన్నాడు. ఎందుకురా అంటే చెప్పడు. అన్నం కెలికి లేచిపోతాడు. ఇంట్లో తలా ఒక అనుమానం. ఎవరిదో దిష్టి తగిలిందని అమ్మమ్మ, వీడి మనసులో ఇంకెవరో ఉన్నారని మా అమ్మ. పెళ్లివారికి ఏం కబురు పంపాలో తెలియక తాతయ్య మాత్రం వసారాలో అటూ ఇటూ తిరుగుతుండేవాడు.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. కనబడిన ప్రతి అక్షరాన్నీ పైకి చదివే వయసు. ఒక సాయంత్రం తాతయ్య పక్కన కూర్చుని, "రహస్య వ్యాధులు అంటే ఏంటి తాతయ్యా?" అని అడిగాను.

"ఎక్కడ చదివావే అది?"

"బస్టాండు గోడ మీద ఇంతింత అక్షరాలతో రాశారు. మామయ్య రోజూ అక్కడే నిలబడి చదువుతాడు. నన్ను చూసి ఇంటికి పొమ్మని కసిరాడు."

 తాతయ్య, అప్పుడే గేటు తీసుకుని వస్తున్న మామయ్య వైపు చూస్తూ ఉండిపోయాడు. మామయ్య కాళ్లు కాస్త ఎడంగా పెట్టి, అడుగడుక్కీ మొహం ముడుచుకుంటూ నడుస్తున్నాడు.

మర్నాడు ఉదయం అందరం కాఫీలు తాగుతుండగా తాతయ్య గొంతు సవరించుకుని, "నాకు గజ్జల్లో పొక్కులు లేచాయి. డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఒరేయ్, నువ్వు తోడు రా" అన్నాడు. తాతయ్యకు కాలి గజ్జెలెక్కడివని నేను ఆశ్చర్యపోయాను. ఇంట్లో కూడా చొక్కా లేకుండా కనబడని మనిషి ఆయన. "పిల్లల ముందు ఏంటండీ ఆ మాటలు!" అని అమ్మమ్మ చెంపలు వేసుకుంది. మా అమ్మ నవ్వాపుకోలేక వంటింట్లోకి పరిగెత్తింది. మామయ్య చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది.

"నీకా నాన్నా?"

"ఏం, నాకు రాకూడదా? అదీ ఒంట్లో ఒక చోటే కదరా."

నేనూ వస్తానని పేచీ పెట్టి వెంటపడ్డాను. డాక్టరుగారి గదికి ఆకుపచ్చ గుడ్డ తెర కట్టి ఉంది. నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టి ఇద్దరూ లోపలికి వెళ్లారు. కాసేపటికి డాక్టరుగారి గొంతు వినబడింది.

"మీకేం లేవు కదండీ!"

"లేవా? ఉన్నట్టే అనిపించాయే! సరే, ఎలాగూ వచ్చాం, మావాణ్ణి కూడా ఒకసారి చూడండి."

ఆ మాట అని తాతయ్య తెర తొలగించుకుని బయటికొచ్చి, నా పక్కన కూర్చున్నాడు.  లోపల మామయ్య సన్నగా ఏదో గొణిగాడు. ఆ వెంటనే డాక్టరుగారు పకపకా నవ్వారు.

"చెడ్డ జబ్బూ కాదు, పాడూ కాదు. చెమట, ఒరిపిడి. వెంట్రుకల కుదుళ్లు వాచి పొక్కులయ్యాయి. గిల్లకు, తడి లేకుండా తుడుచుకో. ముందు ఈ ప్యాంటు మడిచి పెట్టెలో పెట్టి పంచె కట్టుకో. గోడల మీద రాతలు చదవడం మానెయ్."

"మరి పెళ్లి, సార్?"

"ముహూర్తం ఎప్పుడో చెప్పు, భోజనానికి వస్తాను."

 దారిలో మామయ్య, "నాన్నా, మరి నీకు..." అన్నాడు. "నాకు తగ్గిపోయిందిరా" అన్నాడు తాతయ్య. మామయ్య నడిరోడ్డు మీద ఆగిపోయి నవ్వాడు. నవ్వుతూనే చేతిరుమాలుతో కళ్లు తుడుచుకున్నాడు. ఎందుకో తెలియకపోయినా నేనూ నవ్వాను.

పొక్కులు కొద్దిరోజుల్లోనే మాడిపోయాయి. పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది. పాపం తాతయ్యనే, పొక్కులకు పడవని అమ్మమ్మ వంకాయ, గోంగూర దగ్గరికి కూడా రానివ్వలేదు. ఆయన కిక్కురుమనకుండా చారన్నం తిన్నాడు. అసలు సంగతి ఆవిడకు చివరిదాకా చెప్పలేదు.

ఆ తెర వెనక మాటలకు అర్థం నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. భయపడ్డవాణ్ణి గుచ్చి గుచ్చి అడిగితే ఇంకా ముడుచుకుపోతాడని తాతయ్యకు తెలుసు. అందుకే ఆ సిగ్గేదో ముందు తనే పడ్డాడు, కొడుక్కి దారి చేశాడు. నాకు ఆ పద్ధతి అబ్బింది. చెప్పుకోలేక లోపల్లోపల నలిగిపోతున్నవాళ్లు ఎవరు కనబడినా, వాళ్ల బాధేదో నాకే ఉన్నట్టు ముందు నేను మొదలుపెడతాను. అలా ఈ వయసుకు నాకు రాని జబ్బంటూ లేదు. మా కోడలు నన్ను రోగాల పుట్ట అంటుంది. అననీ. మొన్న తనను కూడా అలాగే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.