డ్రమ్ములో నల్ల నీళ్లు

మొన్న పొద్దున్నే మా ఖానాపురం హవేలి కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. ఇంటింటికీ నీళ్ల క్యాన్లు వేసే అతను వాటిలో ఏదో కలుపుతున్నాడట, ఎవరూ తీసుకోవద్దట. నేను టీ తాగి గ్లాసు కడిగేలోపు అతనిది ఏ ఊరు, ఎవరి మనిషి, ముఖం చూస్తేనే నమ్మబుద్ధి కాదు అనే దాకా పోయింది వ్యవహారం. అందరం చదువుకున్నవాళ్లమే. సగం మందిమి ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్లం. క్యాన్ మూత తీసి వాసన చూశానని మాత్రం ఒక్కరూ రాయలేదు. ఫోన్ పక్కన పడేసి కూర్చుంటే, టేకులపల్లి అవతల నేను పనిచేసిన బడి గుర్తొచ్చింది.

రిటైర్మెంటుకు కొన్నేళ్ల ముందు నన్ను అక్కడికి బదిలీ చేశారు. ఒక గది, ఒక వరండా, ఒక్కతే టీచర్ని. బస్సు దిగి షేర్ ఆటో ఎక్కాలి, ఆటో ఆగిపోయిన చోటు నుంచి టేకు చెట్ల మధ్య నడవాలి. ఎండిన టేకాకులు కాలికింద అప్పడాల్లా విరుగుతుంటే నా వెనక ఎవరో వస్తున్నట్టే ఉండేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. పిల్లలు నాతో తెలుగు, వాళ్లలో వాళ్లు కోయ మాట్లాడేవారు. నన్ను చూసి గుసగుసలాడుకుని నవ్వితే, నా చీర గురించే అనుకుంటున్నారని అనుమానపడేదాన్ని. కొంచెం భాష పట్టుబడ్డాక తెలిసింది, నిజంగానే నా చీర గురించేనని.

బడిలో మధ్యాహ్నం వంట చేసే ఆమె బొగ్గుగనుల వైపు నుంచి వచ్చిన మనిషి. గనిలో కాంట్రాక్టు పని చేసే భర్త పోయాక, ఈ ఊళ్లో ఉన్న చెల్లెలి పంచన చేరింది. గొంతు పెద్దది. మామూలుగా మాట్లాడినా పోట్లాడినట్టుండేది. ఆ వంట పని తనకే వస్తుందని ఎదురుచూసి భంగపడ్డ ఒక తల్లి ఊళ్లో ఉండేది. వాళ్లిద్దరూ ఎదురుపడితే ఒకరు దారి మార్చుకునేవారు. ఆ తల్లి కూతురు నా దగ్గర ఐదో తరగతి చదివేది. నెమ్మదైన పిల్ల.

ఆ ఏడాదే బడి ఆవరణలో కొత్త బోరు వేశారు. నీళ్లకు ఇనుప వాసన. అంతకుముందు వాగు ఒడ్డున ఉన్న పాత బోరింగు నీళ్లే తాగేవాళ్లం. చలికాలం మొదట్లో ఒకరోజు వంటామె పొద్దున్నే కొత్త బోరు నీళ్లు పట్టి స్టీలు డ్రమ్ము నింపింది. అన్నం వేళకు మూత తీస్తే నీళ్లు నల్లగా, సిరా కలిపినట్టున్నాయి. అంతకుముందే తాగిన ఒక పిల్లవాడు చూసి భయపడి వాంతి చేసుకున్నాడు. మిగతావాళ్లు పళ్లేలు వదిలేసి ఇళ్లకు పరుగెత్తారు.

సాయంత్రానికి ఊరు బడి ముందుకొచ్చింది. ఊరికి పెద్దగా ఉండే ఒకాయన వంటామెను నేరుగా చూడకుండా నాతో అన్నాడు: "మేడం, ఈమె మందు పెట్టింది. రేపటి సంది ఈమె వండితే మా పోరగాళ్లు రారు."

"నేనెందుకు పెడత? నాకు పిల్లల్లేరా?" అని ఆమె అరిచింది. ఆ గొంతు ఆమెకే శత్రువైంది. తప్పు చేసింది కాబట్టే అరుస్తోందని ఒకరన్నారు. ఆమె మాత్రం జనంలో చివర నిలబడ్డ ఆ తల్లినే చూస్తోంది. రాత్రికల్లా ఊరు విడిచిపొమ్మంటారేమోనని వంటామె చెల్లెలు ఏడుస్తూ నా చెయ్యి పట్టుకుంది. రెండు రోజులు ఆగమని నేను ఊరివాళ్లను బతిమాలితే, మూతి బిగించుకునే ఒప్పుకున్నారు.

మర్నాడు కొద్దిమంది పిల్లలే వచ్చారు. ఒకరి సీసా ఒకరు ముట్టుకోవడం లేదు. ట్రైనింగుల్లో సైన్సంటే పిల్లలతో వెతికించాలని ఎన్నోసార్లు విన్నాను. ఆ రోజు వేరే దారి లేక పాఠం పక్కన పెట్టి అడిగాను. "ఎవరు చేశారో వద్దు. ఏం చేస్తే నీళ్లు నల్లగవుతాయి?" ఒక్కో అనుమానం బయటికొచ్చింది. బొగ్గు, టేకాకు, డ్రమ్ముకు పట్టిన మసి, చింతపండు, ఉసిరికాయ, కొత్త బోరు. అన్నీ బోర్డు మీద రాశాను. స్టీలు గ్లాసుల్లో బోరు నీళ్లు పోసి ఒక్కోదాంట్లో ఒక్కోటి వేద్దామన్నాను.

"మేడం, మీరే ఏమన్న కలిపిన్రేమో, మాకెట్ల ఎరుక?" అంది ఒక పిల్ల. పెద్దాయన మనవరాలు. నాకు కోపం రాబోయి నవ్వొచ్చింది. సరే, నీళ్లు మీరే తెండి అన్నాను. తామే గ్లాసులు తోమారు, తామే నీళ్లు పట్టారు. ఒకడు తొందరపడి ఒకే గ్లాసులో ఆకు, కాయ రెండూ వేస్తే, "గట్లేస్తే ఏది చేసిందో ఎట్ల తెలుస్తది?" అని వాడితో ఆ నీళ్లు పారబోయించారు. కాసేపటికి చితక్కొట్టిన ఉసిరికాయ వేసిన గ్లాసు నీలంగా మొదలై నల్లగా తిరిగింది. అంతా కేక పెట్టారు. అయినా వాళ్లకు నమ్మకం కుదరలేదు. వాగు ఒడ్డు బోరింగు నీళ్లు తెచ్చి అందులోనూ ఉసిరికాయ వేశారు. అవి నల్లబడలేదు. నీళ్లొక్కటే చెయ్యలేదు, కాయొక్కటే చెయ్యలేదు. బోరు నీళ్లలోని ఇనుము, కాయలోని వగరు కలిస్తేనే ఆ నలుపు.

ఆ కేకల మధ్య ఆ నెమ్మదైన పిల్ల ఒక్కతే గ్లాసుల దగ్గరికి రాకుండా గోడకు ఆనుకుని నిలబడింది. బయటికి తీసుకెళ్తే చెప్పింది. "ఉసిరికాయ తిని నీళ్లు తాగితే తియ్యగుంటయ్ గద మేడం. అందరికీ తియ్యగుండాల్నని దంచి డ్రమ్ముల ఏసిన." మాట పూర్తికాకముందే ఏడుపు.

ఇప్పుడు భయం నాకు పట్టుకుంది. ఈ సంగతి తెలిస్తే ఊరు ఊరుకోదు. పనికోసం తల్లే కూతురితో వేయించిందంటారు. కానీ మాట పడ్డ మనిషికి నిజం తెలియాలి కదా. వంటామెను పిలిచి చెప్పాను. ఆమె పొయ్యిలో చల్లారిన బూడిద ఎత్తుతూ కూర్చుంది. ఆ తల్లి మీదున్న కోపమంతా తీర్చుకునే అవకాశం చేతికొచ్చింది మరి. చివరికి, నేనెప్పుడూ వినని చిన్న గొంతుతో అంది: "పేరు చెప్పకున్రి మేడం. ఇయ్యాల నన్నన్నరు, రేపు వాళ్లను అంటరు. పోరి బడి మానేస్తది."

గడువు నాటికి ఊరొచ్చింది. పెద్దాయన మా గ్లాసుల్ని నమ్మలేదు. ఇంటి నుంచి సొంత చెంబు, తన పెరటి ఉసిరికాయలు తెచ్చుకుని, బోరు కూడా తనే కొట్టాడు. మనవరాలు పక్కన నిలబడి, "తాతా, ఒక్కటే ఏసి చూడు, రెండూ కలపకు" అని చెబుతోంది. చెంబులో నలుపు తిరుగుతుంటే ఆయన వంగి చూస్తూనే ఉండిపోయాడు. "మరి డ్రమ్ముల కాయలెవరేసిన్రు?" అన్నాడు.

"చెట్టు కాయలు, పిల్లల చేతులు. ఎవరైతేంది పెద్దయ్యా?" అంది వంటామె. ఆయన ఆమెను మొదటిసారి నేరుగా చూశాడు. క్షమించమనలేదు. చెంబు పారబోసి, "రేపు వండు" అని వెళ్లిపోయాడు.

ఆమె వండింది. ఆ పిల్లకూ అందరితో పాటే వడ్డించింది. తాగడానికి మళ్లీ వాగు ఒడ్డు నీళ్లే తెప్పించుకున్నాం. అయితే కథ అంత చక్కగా ముగియలేదు. కొన్నిళ్ల పిల్లలు చాలాకాలం ఇంటి నుంచే అన్నం తెచ్చుకున్నారు. గ్లాసులు తోమి, నీళ్లు పట్టి, తాతకు పాఠం చెప్పిన మనవరాలు కూడా డబ్బా తెచ్చుకునేది. వాళ్ల నాయనమ్మ ఒప్పుకోలేదట. వంటామె ఆ డబ్బాను చూసీ చూడనట్టు పక్కనుంచి గరిటెతో వెళ్లిపోయేది. తర్వాత ఎప్పుడో ఒక మధ్యాహ్నం చూస్తే, ఆ మనవరాలు పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడి, పప్పు ఇంకొంచెం వెయ్యమని పేచీ పెడుతోంది. డబ్బా ఎప్పుడు మానేసిందో నాకు తెలియదు, వంటామెనడిగితే ఆమెకూ తెలియదు. అనుమానం పుట్టిన పూట ఊరందరికీ గుర్తుంది. అది పోయిన పూట ఎవరికీ చెప్పకుండానే దాటిపోయింది.