సంగటి పూట మూసే తలుపు

మా ఇంట్లో పేదరికం అన్న మాట ఎవరూ అనేవారు కాదు. "ఈ ఏడు కొంచెం ఇరకాటం" అనేవారు. ఆ మాట నా చిన్నప్పటి నుంచి ప్రతి ఏడూ విన్నాను. ఇరకాటం ఎప్పుడు మొదలైందో, ఎందుకు మొదలైందో తెలుసుకోవాలని నాకు ఎప్పుడూ ఉండేది. ఒక్కొక్కరు ఒక్కో సంగతి చెప్పారు. చిన్నాయన వాన తప్పిందన్నాడు. మేనత్త దిష్టి తగిలిందంది. మా నాయన మాత్రం భుజం మీద టవల్ సర్దుకుని లేచి వెళ్లిపోయేవాడు.

నాకు తెలిసినంతలో మూలం బావిలో ఉంది. తాత కాలంలో బావి కింద వరి పండేది. మూడు పూటలా వరన్నం తినే ఇల్లని మమ్మల్ని చుట్టుపక్కల చెప్పుకునేవారు. బావి ఎండింది. తాత బోర్లు వేయించడం మొదలుపెట్టాడు. నీళ్ల జాడ చెప్పే ఒకాయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేలో నడిచేవాడు. అది లేచి నిలువుగా నిలబడిన చోట యంత్రం దిగేది. ఒక బోరులో దుమ్ము వస్తే ఇంకో టెంకాయ, ఇంకో బోరు. ఒక్కో బోరుకు ఒక్కో చేను పోయింది. టెంకాయ ఎందుకు లేస్తుందో చూద్దామని చిన్నప్పుడు నేను కూడా ఒకటి అరచేతిలో పెట్టుకుని ఇల్లంతా తిరిగాను. వంటింట్లో నీళ్ల కాగు పక్కన కూడా అది లేవలేదు.

వరి పోయాక మా ఇంట్లోకి రాగి సంగటి వచ్చింది. దాంతో పాటు ఒక అలవాటు వచ్చింది. సంగటి తినే పూట వీధి తలుపు మూసేవాళ్లు. అన్నం వండిన పూట బార్లా తెరిచి పెట్టేవాళ్లు. నాయన పోయాక కూడా ఆ అలవాటు పోలేదు. ఎవరిని చూసి మూస్తున్నామో నేనూ నా భార్యా ఎప్పుడూ అనుకోలేదు. పొయ్యి మీద సంగటి కెలికే కట్టె చప్పుడు మొదలైతే చాలు, నా కాళ్లు వాటంతట అవే తలుపు దగ్గరికి నడిచేవి.

మిగిలింది వాలులో ఉన్న ఒక్క ఎర్రచేను. కురిసిన నాలుగు చినుకులు కూడా దాని మీదుగా జారి వంకలో కలిసిపోయేవి. వరసగా రెండు పంటలు చేతికి రాకపోయేసరికి, ఇంకొక్క పంట పోతే దాన్ని అమ్మక తప్పదని తేలిపోయింది. ఆ వేసవిలో ఉపాధి పని కింద చేలల్లో నీటికుంటలు తవ్వుతున్నారు. నా చేనుకు కూడా ఒకటి వచ్చింది. కానీ మా ఊరి కూలి గుంపుకు సొంతంగా పెట్టుకున్న కట్టుబాటు ఒకటుంది. ఎవరి చేలో కుంట తవ్వుతారో, ఆ ఇంటి మనిషి ఒకరు గుంపుతో పాటు గడ్డపార పట్టాలి. మునుపు ఒక ఆసామి చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చుని పని చెప్పాడట. అప్పటి నుంచి ఈ కట్టుబాటు.

గుంపును నడిపే ఆమెను అందరూ మేటక్క అంటారు. ఆమె మా వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"ఇంటి మనిషి రాకుంటే గుంపు పక్క చేన్లోకి పోతాది సామీ. నాకు మొగమాటం ల్యా."

"నేనే వస్తా," అన్నాను.

ఆమె నా ఇస్త్రీ చొక్కా వైపు చూసి, "పాతది యాదన్నా ఉంటే ఏసుకోని రాండి," అంది.

మోకాలి నొప్పులతో నా భార్య రాలేదు. కానీ తెల్లవారకముందే లేచి, అన్నం వండి చిత్రాన్నం కలిపింది. పదిమందిలో తినేటప్పుడు మన ఇంటి క్యారియర్‌లో సంగటి ఉండకూడదని ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఎండ ముదరక ముందే పని, నడుమ చద్ది. గట్టు మీద అందరూ సంగటి ముద్దలు, అద్దుకునే ఊరిబిండి పచ్చడి విప్పారు. నేను చిత్రాన్నం విప్పాను.

"సామి పెండ్లికొచ్చినట్టుండాడే!" అంది తట్ట మోసే ఒకామె.

"పెండ్లికూతురు యాడక్కా?" అంది ఇంకొకామె.

"గడ్డపారే పెండ్లికూతురు. పొద్దన్నుంచి ఇడుస్తాండాడా చూడు!"

నేనూ నవ్వాను. చిత్రాన్నం తీసుకోమని అందరికీ చూపించాను. ఎవరూ చేయి చాపలేదు. "అది మాకు కడుపులో ఆగదు సామీ," అంది మేటక్క. తన ముద్దలో సగం తుంచి ఇవ్వబోయింది. వద్దన్నాను.

అది ఎందుకు ఆగదో కాసేపటికి తెలిసింది. కడుపు ఖాళీ అయింది, కళ్ల ముందు ఎర్రమట్టి తెల్లబడింది. గడ్డపార పట్టుకునే కూలబడ్డాను. పక్క చేను ఆసామి గట్టు మీదుగా కేక వేశాడు: "రేప్పొద్దున నా చేన్లోకి రాండి మేటక్కా! ఆయప్ప ఇంక రాడు!"

"వస్తే ఈడ, రాకుంటే ఆడ," అంది మేటక్క. నా ముఖం మీద నీళ్లు చల్లుతూనే అంది.

సాయంత్రం నా భార్యకు చెప్పాను: "రేపు సంగటి కట్టు."

"మోసుకోని పోయేది మీరు. నాదేం పోయె?" అంది ఆమె.

మర్నాడు అందరూ మూటలు విప్పే దాకా ఆగి, చివర నా క్యారియర్ మూత తీశాను. నేనే అన్నాను: "మా ఇంట్లో కూడా సంగటి తింటాం."

ఒక్కసారిగా నవ్వులు. తట్ట మోసే ఆమెకు పొలమారింది. ఆమె ఇల్లు మా ఎదురిల్లే.

"తెలీక పోయెనా సామీ! మీ తలుపు మూసినారంటే మా అత్త అరుస్తాండె, 'పెద్దింట్లో సంగటి దించినారే, మనం ఇంకా పొయ్యి ముట్టించలే' అని. మాకు గడియారం యాడిది? మీ తలుపే గడియారం."

ఇన్నేళ్లూ మూసిన తలుపు ఊరికి ఏం చెబుతోందో అప్పుడు అర్థమైంది. నాయనకు తెలుసా అనిపించింది. తెలిసే మూసేవాడేమో కూడా. ఆయన్ను అడగడానికి లేదు. ముద్ద తుంచి ఊరిబిండిలో అద్దుకున్నాను. ఎదురింటామె ఇంకొంచెం బిండి నా మూతలో వేసింది. ఈసారి వద్దనలేదు.

ఆ పూట పని ముగిసే దాకా నిలబడగలిగాను. కుంట పూర్తయ్యే దాకా గుంపు పక్క చేలోకి పోలేదు. ఆ తర్వాతే పోయింది.

మొదటి పెద్ద వానకు కుంటలో నీళ్లు నిలిచాయి. ఎర్రగా, చిక్కటి టీ లాగా. ఎన్నాళ్లుంటాయో తెలియదు. వేసిన కంది పూతకు వచ్చే దాకా ఉంటే చేను ఈ ఏడు చేతిలో ఉంటుంది. గంగమ్మకు కొట్టడానికి టెంకాయ తీసుకుని వెళ్లాను. మేటక్క, గుంపులో నలుగురు వచ్చారు. కొట్టే ముందు చిన్నప్పటి తలపు వచ్చి దాన్ని అరచేతిలో పడుకోబెట్టాను. గట్టు మీద రెండడుగులు వేశాను. కాళ్ల కిందే నీళ్లు. టెంకాయ కదలలేదు.

"ఏందన్నా," అంది మేటక్క వెనక నుంచి, "కొడతావా, దాన్ని ఆడిస్తా నిలబడతావా? మాకు ఆకలైతాండాది."

రాయి మీద కొట్టాను.